పండుగకు ముందు ఏరిన పువ్వు

ఆ రోజు మండలాఫీసులో గుమస్తా మేడం నా కాగితం పైకెత్తి, "ఇది రాసిందెవరండీ?" అని అడిగింది. "రాసింది నేనే, చెప్పింది వాళ్లు" అన్నాను. మొదటి సగం నిజం. రెండో సగం అబద్ధమని ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే నాకు తెలుసు. పక్కన నిలబడ్డ మనిషికీ తెలుసు. అయినా అన్నాను.

ఆ ఒక్క మాటతో, అడవి మంటకు ఇళ్లు పోగొట్టుకున్న పదకొండు కుటుంబాలకు రావలసిన సాయం ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల ముసలాయన జైలుకు తయారయ్యాడు. నేను ఇరవై రెండేళ్లుగా నేలకొండపల్లి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. లేఖలు, దరఖాస్తులు ఎలా రాయాలో పిల్లలకు నేర్పేది నేనే.

ఆ గూడెం పేరు, ఆ మండలం పేరు ఇక్కడ రాయడం లేదు. కాగితం మీద పేర్లు పెట్టి నేను చేసిన మేలు ఒకసారికి చాలు. దుమ్ముగూడెం దాటాక గోదావరిని వదిలి లోపలికి వెళితే వచ్చే అడవి అనుకోండి.

ఖమ్మం బస్టాండు

మార్చి ఆఖరు, ఒంటిపూట బడుల రోజులు. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అడవి మంట గూడేన్ని తాకిందని, పదకొండు ఇళ్లు బూడిదయ్యాయని, ప్రాణనష్టం లేదని. ప్రార్థన అయ్యాక ఆ వార్త చదివి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అది బాగుందని పిల్లలు, టీచర్లు బట్టలు తెచ్చి ఇచ్చారు. బాగుండటం వల్లే వాటిని తీసుకెళ్లే పని కూడా నాకే పడింది. హెడ్మాస్టరు ఐదు రోజులు సెలవిచ్చారు. నాకు ఇంకో ఆశ కూడా ఉంది. అంతకుముందు రెండు యాత్రా వ్యాసాలు రాశాను, చదివినవాళ్లు బాగున్నాయన్నారు. ఇది ఇంకా బాగా వస్తుందనిపించింది.

మూడు మూటలు బస్సెక్కిస్తుంటే కండక్టరు అడ్డం వచ్చాడు.

"ఏందివి సారూ, పత్తా?"

"బట్టలు. అగ్గి బాధితులకు."

"మనిషికి టికెట్టు, మూటకు లగేజీ."

వెనక సీట్లోంచి ఒక ముసలమ్మ లేచింది. "ఇల్లు కాలినోళ్లకు పోయే బట్టలకు లగేజీ ఏందయ్యా? నీ ఇల్లు కాలితె తెలుస్తది."

"నా ఇల్లు స్లాబు ఇల్లు అమ్మా, కాలదు."

"నీ నోరు కాలుతది."

బస్సంతా నవ్వింది. కండక్టరు ఒక మూటకు లగేజీ కొట్టి రెండు మూటలు వదిలేశాడు. ముసలమ్మ అంతటితో ఆగలేదు. దగ్గరకొచ్చి మూట మీద చెయ్యి పెట్టి నొక్కింది. ముడి సందులో వేలు పెట్టి లాగింది. ఎర్ర ఉన్ని బయటికి వచ్చింది.

"స్వెట్టర్లా? గీ ఎండల? ఎవరయ్యా పంపినోడు?"

"మా హెడ్మాస్టరు గారు."

"ఏం చదువుకున్నడు?"

ఎమ్మే అని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లి కూర్చుంది.

భద్రాచలం

పాల్వంచ దాటాక గుట్టల మీద పొగ కనిపించడం మొదలైంది. మా వైపు పొగ కనిపిస్తే ఎక్కడిదని అడుగుతాం. ఇక్కడ బస్సులో ఎవరూ తల తిప్పలేదు. ఎండాకాలం గుట్టలు కాలుతూనే ఉంటాయట. పక్కనాయన చెప్పాడు, ఇప్పపువ్వు కోసం చెట్ల కింద ఆకులు కాలుస్తారని, ఆ నిప్పే అడవికి అంటుకుంటుందని. ఈ మాట నేను పేపర్లో కూడా చదివి ఉన్నాను. రెండు చోట్ల విన్న మాట నాకు నిజం కింద లెక్క.

సాయంత్రం బస్టాండు ఎదురుగా ఒక మెస్సులో తిన్నాను. భోజనం పాతిక రూపాయలు, గోంగూర రెండుసార్లు వేశారు. ఓనరు సుబ్బారావు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మూటలు చూసి ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"మంచి పనండీ. తిరిగొచ్చేప్పుడు ఇటే రండి, సంగతులు చెబుదురు గాని" అన్నాడు. వెళ్లకముందే నా సంగతుల కోసం ఎదురుచూసే మనిషి దొరికినందుకు సంతోషపడ్డాను.

సర్వీసు జీపు

మరునాడు పొద్దున సర్వీసు జీపు. డ్రైవరుతో కలిపి పద్నాలుగు మందిమి, నా మూటల మీద కూర్చున్న ఇద్దరితో కలిపి పదహారు. స్వెట్టర్ల మీద కూర్చున్నవాళ్లే ఆ రోజు సుఖంగా ప్రయాణం చేసినవాళ్లు. కిరాయి అందరికీ పది రూపాయలే.

జీపు దిగాక రెండు మైళ్లు నడక. మూటలు మోయడానికి అదే దారిలో వెళుతున్న ఇద్దరు ఆడవాళ్లు సాయం పట్టారు. నేను సంచీ మోశాను. దారికి ఎడమవైపు నేలంతా నలుపు, కుడివైపు మామూలు అడవి. మంట దారి దాటకుండా ఎవరో మోదుగు కొమ్మలతో కొట్టి ఆపారు. ఆ కొమ్మలు మాడి అక్కడే పడి ఉన్నాయి.

గూడెం

ఇరవైలోపు ఇళ్లలో పదకొండు లేవు. ఇళ్లున్న చోట నల్లటి చదరాలు, మధ్యలో పొయ్యి రాళ్లు. వేసవిలో వయసు మనుషులంతా మా వైపు మిరపకోతకు వచ్చేస్తారు. మంట వచ్చిన మధ్యాహ్నం గూడెంలో ఉన్నది ముసలివాళ్లు, బాలింతలు, నలుగురైదుగురు ఆడవాళ్లు. మా ఊరి మిరప చేలల్లో ఈ మనుషులను ఏటా చూస్తూనే ఉన్నాను. ఎక్కణ్ణుంచి వస్తారని ఎప్పుడూ అడగలేదు.

నన్ను ఎదురుకున్నది కుంజా లచ్చక్క. ముప్పై ఏళ్లుంటాయి, డ్వాక్రా గ్రూపు లీడరు, తెలుగు బాగా మాట్లాడుతుంది. చదవడం రాదు. భర్త మిరపకోతలో ఉన్నాడు. ఆమె ఇల్లూ పోయింది. ముందు ఆకు దొప్పలో నీళ్లిచ్చింది. తర్వాత ఆమె మామ ముత్తయ్య, డెబ్బై ఏళ్ల సన్నటి మనిషి, నా పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు.

"మీది ఏ గట్టు సారూ?"

గట్టు అంటే వాళ్లలో వంశాల గుంపు. అది తెలిస్తే ఎదుటి మనిషిని బావ అనాలో, అన్న అనాలో తేలుతుంది. మాకు గట్లు లేవన్నాను. ఆయన జాలిగా చూశాడు.

"మరి ఒకల్నొకలు ఏమని పిలుసుకుంటరు?"

"సార్ అని."

"అందర్నా?"

లచ్చక్క మూటలు విప్పింది. ముప్పై ఒక్క స్వెట్టర్లు, కొన్ని చీరలు, చొక్కాలు, ఒక టై. ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకామె స్వెట్టరు ఎత్తి పట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంది, అందరూ విరగబడి నవ్వారు. నాకు చెప్పమని లచ్చక్కను అడిగాను.

"ఏం లేదు సారూ. అగ్గి మల్లొస్తె ఇవి తొడుక్కొని ఉరుకుదమా అంటున్నది."

మధ్యాహ్నం జావ పోశారు, అందులోకి మామిడికాయ తొక్కు. ఆ జావ గింజలు పక్క గూడేల నుంచి వచ్చినవి. మంట ఆరిన మరునాడే చుట్టుపక్కల నాలుగు గూడేల వాళ్లు వచ్చారట, ఇంటికొక వెదురు మోపు, ఇంటికింత గింజ. నేను వెళ్లేసరికి మూడు పందిళ్లు లేచి ఉన్నాయి. మా వైపు ఇల్లు కాలితే ముందు ఎమ్మార్వో కోసం చూస్తాం, తర్వాత ఎమ్మెల్యే కోసం. వీళ్లు వాళ్లెవరి కోసమూ చూడలేదు. కానీ వానల లోపల పదకొండు కప్పులు లేవాలి, కొత్త పంట దాకా తిండి కావాలి. అంత పక్క గూడేల దగ్గర లేదు. అందుకే సర్కారు సాయానికి దరఖాస్తు పెట్టాలి. రాసేవాళ్లు లేక ఐదు రోజులుగా ఆగింది.

ఆ పని నేను చేస్తానన్నాను. మంట ఎలా వచ్చిందని అడిగితే లచ్చక్క వివరంగా చెప్పింది. పడమటి గుట్ట మీద మూడు రోజులుగా మంట తిరుగుతోందట. నాలుగో రోజు మధ్యాహ్నం గాలి మళ్లింది. ఎండిన వాగు దాటి, గడ్డి మీదుగా పాకి, మొదట చివరి ఇంటి కప్పు అందుకుంది. ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది, నా అక్షరాల్లోనే.

పొద్దు వాలుతుండగా పెద్దమనుషులు ఒక చెట్టు కింద కూర్చున్నారు. ముత్తయ్య ఒక కోడిని చంకలో పెట్టుకుని వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు. తలవంచి ఏదో చెప్పాడు. పెద్దాయన ఒకరు కోడిని తీసుకున్నారు. ముత్తయ్య నేలను తాకి మొక్కి వెళ్లిపోయాడు. ఏమిటని అడిగాను.

"మామ తప్పు కట్టిండు సారూ" అంది లచ్చక్క. "గందుకే అగ్గొచ్చిందని ఆయిన మాట."

ఇంకేమీ అడగలేదు. అసలు సంగతి పట్టేశాననుకున్నాను. బస్సులో పక్కనాయన మాట, పేపర్లో చదివింది, ఈ కోడి, మూడూ కలిశాయి. ముసలాయన ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టాడు, అది ఊరిని కాల్చింది, కోడలు దాస్తోంది, పెద్దలు లోపల లోపల శిక్ష వేశారు. ముత్తయ్య ఇప్పచెట్టు ఎక్కడుందని అడిగితే తూర్పువైపు చెయ్యి చూపారు. పావు గంట నడక. చీకటి పడుతోందని వెళ్లలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. మరునాడు తెల్లారకముందే అందరూ అడవికి వెళ్లిపోతారని ముందుగానే తెల్లకాగితం అడుగున పదకొండు మంది వేలిముద్రలు వేయించుకున్నాను. పైన ఖాళీ వదిలి, పొద్దున గూడెంలో మూతపడ్డ బడి అరుగు మీద కూర్చుని తీరిగ్గా నింపాను. దరఖాస్తులో కారణం స్పష్టంగా ఉండాలని పిల్లలకు చెబుతాను. కారణం రాయకపోతే రెండు మార్కులు తీసేస్తాను. రాశాను: "సదరు గ్రామస్థుడు కుంజా ముత్తయ్య ఇప్పపువ్వు నిమిత్తము చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టగా, అది గాలికి వ్యాపించి గృహములు దగ్ధమైనవి." చదువుకుంటే బాగుంది. పైగా ఇందులో దాపరికం లేదు, అధికారులు మెచ్చుకుంటారనుకున్నాను.

మండలాఫీసు

లచ్చక్క నాతో వచ్చింది. దారిలో జీపులో ఇద్దరికీ కిరాయి ఆమే ఇచ్చింది, నేను వారిస్తున్నా వినలేదు. గుమస్తా మేడం మర్యాదగల మనిషి. కుర్చీ వేయించి, కాగితం తీసుకుని, పైకే చదవడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది.

లచ్చక్క నా వైపు తిరిగింది. "మా మామ పేరెందుకొచ్చింది సారూ?"

మేడం కళ్లద్దాలు తీసింది. "మాస్టారూ, ఇది సాయం కోసం పెట్టే దరఖాస్తు కాదండీ. అడవికి నిప్పు పెట్టామని ఒప్పుకుంటున్న కాగితం. కింద పదకొండు మంది వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఇప్పుడు నేను ఫారెస్టు వాళ్లకు పంపకుండా ఉండలేను. అది తేలేదాకా ఫైలు పైకి పోదు."

అప్పుడు అడిగింది, రాసిందెవరని. అప్పుడే నేను ఆ మాట అన్నాను.

లచ్చక్క నన్ను తిట్టలేదు. "మేం గిట్ల చెప్పలే" అని కూడా అనలేదు. ఒక సర్కారు బడి సారు మాటకు, తన మాటకు ఆ బల్ల ముందు విలువ ఎంతెంతో ఆమెకు తెలిసి ఉంటుంది. కొంగు బిగించుకుని బయటికి నడిచింది. వెనకే వెళ్లి, భద్రాచలం దాకా వెళ్లొస్తానని, పై అధికారులతో మాట్లాడతానని చెప్పాను.

"ఎవరితోటి?" అంది.

నాకు అక్కడ ఎవరూ తెలియదు. జీపు వచ్చింది, ఆమె ఎక్కింది.

గోదావరి ఒడ్డు

మరునాడు భద్రాచలంలో స్నానం చేశాను. క్యూ పొట్టిగా ఉంది, దర్శనం బాగా అయింది. పులిహోర ప్రసాదం కొనుక్కుని మెట్ల మీద కూర్చుని తిన్నాను. రుచిగానే ఉంది. తప్పు చేసినవాడికి ముద్ద దిగదని నేనే పిల్లల చేత వ్యాసాల్లో రాయించాను. దిగుతుంది.

మధ్యాహ్నం మెస్సుకు వెళ్లాను. సుబ్బారావు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పండి సంగతులు."

చెప్పాను. నిజానికి బాగా చెప్పాను. కాలిన కొమ్మలు, స్వెట్టర్ల నవ్వు, చంకలో కోడి, తలవంచిన ముసలాయన. పక్క బల్ల వాళ్లు కూడా తినడం ఆపి విన్నారు. అంతా అయ్యాక సుబ్బారావు అడిగాడు.

"ఆయన నిప్పు పెట్టడం ఎవరు చూశారండీ?"

"ఎవరూ చూడలేదు."

"పెట్టానన్నాడా?"

"తప్పు నాదన్నాడు."

"అదే అడుగుతున్నా. నిప్పు పెట్టానన్నాడా?"

"లేదు."

"మరెలా రాశారు?" వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. నేను మజ్జిగ కలుపుకున్నాను. పక్క బల్ల వాళ్లు మళ్లీ తినడం మొదలుపెట్టారు. డబ్బులిస్తుంటే అతను చిల్లర వెతుకుతూ, "ఇక్కడ నుంచి ఆఖరి జీపు నాలుక్కండీ" అన్నాడు. నేను అడగలేదు.

ఆ జీపు ఎక్కలేదు. ఎండ తగ్గాక వెళ్దామనుకున్నాను, తర్వాత పొద్దున వెళ్దామనుకున్నాను. ఇదీ రాసి పెట్టాల్సిందే.

ఇప్పచెట్టు

పొద్దున మొదటి జీపులో వెళ్లేసరికి ముత్తయ్య పందిరి కింద తయారై కూర్చున్నాడు. ఉతికిన పంచె, భుజాన సొరకాయ బుర్రలో జావ, ఒంటి మీద ఎర్ర స్వెట్టరు. చెమటలు కారిపోతున్నాయి.

"ఇదేంది తాతా?"

"జైల్ల చల్లగుంటదట సారూ, రాతి గోడలంట. ఫారెస్టు బీటు సారు బండి మీద వస్తున్నడు నన్ను తీస్కపోను."

లచ్చక్క నా వైపు చూడకుండానే చెప్పింది. "నిన్న బీటు సారొచ్చి తప్పు నీదేనా అనడిగిండు. అవ్ నాదే అన్నడు. నన్ను తీస్కపోండ్రి, తతిమ్మా పదిండ్లకు బియ్యం ఇయ్యుండ్రి అన్నడు. నేనెంత చెప్పినా బీటు సారు ఇనలే. ఒప్పుకున్నంక ఏం చేస్తమన్నడు."

అప్పుడు లచ్చక్కతో చెప్పాను, నేను చూడకుండా రాశానని, ఆఫీసులో అబద్ధమాడానని. ఆమె ఎందుకని అడిగింది. "తెలిసినట్టు కనపడాలని" అన్నాను.

"గంతేనా?" అంది.

అంతే.

బీటు ఆఫీసరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, కనుబొమలు మాడి ఉన్నాయి. పది రోజులుగా ఇద్దరు మనుషులతో గుట్టలెంట తిరిగి కొమ్మలతో మంటలు కొడుతున్నాడట. అతనికి కూడా అదే చెప్పాను, నేను రాసింది చూసి రాసింది కాదని.

అతను అలసటగా నవ్వాడు. "మీరు రాసింది వదిలెయ్యున్రి సార్. ఆయన ఒప్పుకున్నడు కద."

"చెట్టు చూద్దాం రండి."

"మీరు చూసిన్రా?"

"లేదు."

ముగ్గురం నడిచాం, వెనక లచ్చక్క. పావు గంట కూడా పట్టలేదు. పెద్ద చెట్టు, కింద చీపురుతో ఊడ్చిన నేల శుభ్రంగా గుండ్రంగా ఉంది. ఊడ్చిన ఎండుటాకులు అంచున కుప్పగా ఉన్నాయి. ఒక్క ఆకు మీద కూడా మసి లేదు. నేల మీద పసుప్పచ్చటి పువ్వు తాజాగా రాలి ఉంది. చుట్టూ అడవి పచ్చగానే ఉంది, నలుపు గూడేనికి అవతల పడమటి వైపు ఉంది. బీటు ఆఫీసరు కుప్పలో చెయ్యి పెట్టి అడుగు దాకా తిరగేశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"తాతా, నువ్ నిప్పు పెట్టినవా?"

"నిప్పా? లే."

"మరి తప్పు నీదంటివి?"

"నాదే. ఇప్పపువ్వు పండుగ కాకముందే పువ్వు ఏరిన. పండుగ చేసి, తల్లికి చూపిచ్చినంకనె ఏరాలె, గది మా కట్టు. ఈసారి పువ్వు జల్దీ రాలింది, పండుగకింక దినాలున్నయ్. రాలింది రాలినట్టే మురుగుతుంటే చూడలేకపోయిన. రెండు గంపలు ఏరిన. తల్లికి కోపమొచ్చి అగ్గిని తోలింది."

బీటు ఆఫీసరు పక్కనున్న రాయి మీద కూలబడ్డాడు. అడిగినవాళ్లంతా ఆయన్ను తప్పు నీదేనా అనే అడిగారు. నిప్పు పెట్టావా అని అడిగినవాళ్లు లేరు.

"పువ్వు ఏరినందుకు మా సెక్షన్ల ఏం లేదు తాతా" అన్నాడు బీటు ఆఫీసరు చివరికి.

"మరి జైలు?"

"లేదు. గా స్వెట్టరు ఇప్పు."

ముత్తయ్య విప్పలేదు. తొడుక్కున్నాక గాలి తగిలితే చల్లగా బాగుందన్నాడు. ఆ రోజే నేను, బీటు ఆఫీసరు, లచ్చక్క మండలాఫీసుకు వెళ్లాం. నేను మేడం ముందు కూర్చుని, మొదటి దరఖాస్తులో కారణం నేను చూడక, అడగక, ఊహించి రాసిందని, గ్రామస్థులు అలా చెప్పలేదని, వేలిముద్రలు ఖాళీ కాగితం మీద వేయించుకున్నానని, మొన్న ఇదే బల్ల దగ్గర అబద్ధమాడానని రాసి సంతకం పెట్టాను. హోదా దగ్గర తెలుగు పండితుడు అని రాశాను. బీటు ఆఫీసరు చూసింది చూసినట్టు ఇంకో కాగితం ఇచ్చాడు. మేడం రెండూ చదివి, "ఇది మీ డిపార్ట్‌మెంటుకు కూడా పంపమంటారా?" అని అడిగింది. పంపమన్నాను. తర్వాత నాకు ఒక మెమో వచ్చింది, జవాబిచ్చాను.

పాత దరఖాస్తు పనికిరాదంది మేడం. ఇంటికొకటి చొప్పున విడివిడిగా కొత్తవి పెట్టాలి, పదకొండు. రాయనా అని లచ్చక్కను అడిగాను.

"రాయి. గని ఈసారి సదివి ఇనిపిచ్చు."

సెలవు పెంచమని ఎస్టీడీ బూతు నుంచి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. ఆయన సరేనని, స్వెట్టర్లు సరిపోయాయా అని అడిగారు. ఒకటి సరిపోయింది సార్ అన్నాను.

పదకొండు కాగితాలు

మూడు రోజులు పట్టింది. ఒక్కో ఇంటి నల్లటి చదరంలో ఆ ఇంటివాళ్లతో కూర్చుని రాశాను. నేనొక వాక్యం చదివితే లచ్చక్క వాళ్ల భాషలో చెప్పేది. వాళ్లు ఒప్పుకుంటే ఉంచాను, కాదంటే కొట్టేశాను. ఒక ముసలామె మేకలు మూడు పోయాయంది, మొగుడు రెండే అన్నాడు. మూడోది మంటకు ముందురోజే తప్పిపోయిందట. ఇద్దరూ గంట సేపు పోట్లాడుకున్నారు, చుట్టాలు సాక్ష్యాలు చెప్పారు, చివరికి రెండే రాశాం. ఇంకో ఇంటి ముసలామె తనకు పోయినవాటిలో చీపురు కూడా రాయమంది. రాశాను. కారణం దగ్గర అందరిదీ ఒకటే: "పడమటి గుట్ట మీది మంట వాగు దాటి వచ్చినది." నా భాషలో దాన్ని ఇంకా బాగా రాయవచ్చు. రాయలేదు.

ఆఖరిది ముత్తయ్యది. కారణం చదవగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా తప్పు రాయలే."

నేను లచ్చక్క వైపు చూశాను. ఆమె, "నువ్వే చెప్పుకో సారూ" అని నవ్వింది. ఆ వారంలో నన్ను చూసి ఆమె నవ్వడం అదే.

"తాతా, ఇది బియ్యం కోసం, కప్పు కోసం. మంట ఎటు నుంచి వచ్చిందో వాళ్లకు అంతే కావాలి."

"అగ్గి ఎటొచ్చిందో రాసినవ్. ఎందుకొచ్చిందో రాయలే."

"ఎందుకు వచ్చిందో నాకు తెలియదు."

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. ఆ మాట నా నోట రావడం ఆయనకు కొత్త, నాకూ కొత్తే.

"నాకెరుక" అన్నాడు. అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. "సరే. అది మా తల్లితోటి నాకున్న లెక్క. సర్కారుకు గంతే చాలు. మల్లొకపాలి సదువు."

మళ్లీ చదివాను. పొయ్యి దగ్గర కూర్చున్న అవతలి ఇంటివాళ్లకు కూడా వినపడాలని గట్టిగా చదవమన్నాడు. గట్టిగా చదివాను. అప్పుడు వేలు సిరాలో అద్ది, అంతకుముందు పది కాగితాల మీద పడినవాటికన్నా లోతుగా నొక్కాడు.

పదకొండూ తీసుకుని వెళ్లి మేడం బల్ల మీద పెట్టి, ఒక్కోదానికీ రసీదు రాసి ముద్ర వేసేదాకా అక్కడే నిలబడ్డాను. మధ్యలో కరెంటు పోయింది, భోజనాల వేళ అయింది, నేను కదల్లేదు. రసీదులు గూడేనికి తీసుకెళ్లి ఇంటింటికీ ఇచ్చాను. ముత్తయ్య తనది రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మళ్లీ నాకే ఇచ్చాడు.

"ఇది గూడ సదువు."

తేదీ, నంబరు, పేరు, ముద్రలో చుట్టూ ఉన్న అక్షరాలు, కింద మేడం సంతకం, అన్నీ చదివాను.